కొత్త మేస్త్రీకి పద్దు పుస్తకం అక్కర్లేదా?

ప్రైవేటు రంగంలో ఉద్యోగం ఇచ్చేది యజమాని అని మనం అనుకుంటాం. యజమాని ముందుకు వెళ్లేవి చివరికి మిగిలిన ఐదారు పేర్లు మాత్రమే. వందల దరఖాస్తుల్లోంచి ఆ ఐదారింటిని మిగిల్చేది రిక్రూటర్. నేడు ఆ రిక్రూటర్ పని చేసేది నియామక సాఫ్ట్‌వేర్ మీద. అలాంటి సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఖాతా తెరిచినప్పుడు సాధారణంగా ఎదురయ్యే తొలి ప్రశ్నల్లో ఒకటి ‘మీ ప్రధాన పని ఏమిటి’ అన్నది. అభ్యర్థులను వెదకడమా, వడపోయడమా, క్లయింటు కంపెనీలతో వ్యవహరించడమా? శాశ్వత ఉద్యోగాలా, కాంట్రాక్టు ఉద్యోగాలా? క్యాంపస్ నియామకాలా, అనుభవజ్ఞుల నియామకాలా, మూకుమ్మడి నియామకాలా? జవాబును బట్టే తెర మీద ఏది ముందు కనిపించాలో, ఏ లక్ష్యాన్ని లెక్కించాలో ఖరారవుతుంది. చూడటానికి ఇదొక సాంకేతిక సౌకర్యం. నా దృష్టిలో ఇది కులం ప్రశ్న కూడా. ప్రధాన పనిని ఎంచుకోవడమంటే ఎవరి రెజ్యూమేలు చూడాలో, ఎవరివి చూడనక్కర్లేదో ముందే తేల్చుకోవడం.

ఈ మాట అర్థం కావాలంటే కోస్గి లాంటి ఊరి నుంచి చూడాలి. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానికి రిక్రూటర్ కొత్తవాడు కాదు. అతని పాత పేరు గుంపు మేస్త్రీ. వానలు ముఖం చాటేసిన ఏడాది మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. గుంపును కట్టి ఆనకట్టల పనికో, కాలువల పనికో, ముంబై, పుణెల కట్టడాలకో తీసుకుపోయేవాడు. పాలమూరు లేబర్ అన్న పేరు అలా దేశమంతా పాకింది. మేస్త్రీ గుంపును కట్టింది దరఖాస్తులు పిలిచి కాదు. తనకు తెలిసిన వాడలోంచి, తన చుట్టరికాల్లోంచి, అప్పు ఇస్తే కాదనలేని ఇళ్లలోంచి. మట్టి పనికి ఎవరు పోవాలో కులమూ కరువూ కలిసి ముందే నిర్ణయించాయి. మేస్త్రీ ఆ నిర్ణయాన్ని అమలు చేశాడు.

ఆ మేస్త్రీ మీద కూడా చట్టం ఒక కన్ను వేసింది. రాష్ట్రం దాటించి కూలీలను తీసుకుపోయే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని, ప్రతి కూలీకి ఫొటోతో కూడిన పాసు పుస్తకం ఇవ్వాలని, రిజిస్టర్లు నిర్వహించాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఆదేశించింది. విదేశాలకు కార్మికులను పంపే ఏజెంటు పేరు నమోదు చేయించుకోవాలని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం చెప్పింది. అమలు ఎంత అధ్వానమో పాలమూరు పల్లెలకు తెలుసు. అయినా ఒక సూత్రం స్థిరపడింది: మనుషులను పనికి ఎంచి పంపేవాడు తాను ఎవరిని, ఎలా తీసుకున్నాడో లెక్క చూపాలి. మాదాపూర్‌లో కంప్యూటరు ముందు కూర్చుని వేల రెజ్యూమేలను జల్లెడ పట్టే నేటి రిక్రూటర్‌కు, అతని వెనకున్న సంస్థకు, ఆ సాఫ్ట్‌వేర్‌ను అమ్మిన కంపెనీకి ఈ సూత్రం వర్తించడం లేదు. ఏ సామాజిక వర్గం వాళ్లు ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు ఏ దశలో ఆగిపోయారు అన్న పద్దు ఎవరూ అడగరు.

కోస్గి పక్క పల్లె నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న ఒక మాదిగ విద్యార్థి నగరంలో ఒక నియామక సంస్థలో చేరాడు. చేరిన వారంలోనే ప్రధాన పనిని ఎంచుకోవలసి వచ్చింది. ‘నీకు జిల్లాలు బాగా తెలుసు కదా, మూకుమ్మడి నియామకాలు తీసుకో’ అన్నాడట పై అధికారి. అంటే గోదాములకు, డెలివరీకి, సెక్యూరిటీ గార్డు పనులకు మనుషులను తేవడం. అతనితో పాటు చేరిన మరికొందరికి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను, మేనేజర్లను వెదికే పని దక్కింది. ‘సార్, మా తాత ఏ పనికి మేస్త్రీ వెంట పోయిండో, అసుమంటి పనికే ఇప్పుడు నేను మనుషులను తోలాల్నా?’ అని ఫోనులో అడిగాడు. క్యాంపస్ నియామకాలు అడుగు అన్నాను. చదువుకున్న మన పిల్లలు కంపెనీ గడపలోకి అడుగుపెట్టే తొలి దారి అదే కాబట్టి. అతను పట్టుబట్టి ఆ పనే తీసుకున్నాడు. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్‌లో కళాశాలల జాబితా ముందే నింపి ఉంది. అందులో హైదరాబాద్ చుట్టుపక్కల పేరున్న కళాశాలలే తప్ప పాలమూరువి ఒక్కటీ లేదు. జాబితాను ఎవరు, ఎప్పుడు, ఏ ప్రాతిపదికన తయారు చేశారో చెప్పగలిగినవారు ఆ కార్యాలయంలో లేరు.

ఇందులో ఎవరూ ఎవరినీ కులం పేరుతో దూషించలేదు. అందుకే ఇది పట్టుబడదు. అంటరానితనం కారణంగా ఒక మనిషిని ఉద్యోగం చేయకుండా అడ్డుకుంటే 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. కానీ తన రెజ్యూమే ఏ దశలో, ఎందుకు ఆగిందో తెలియని యువకుడు ఏ ఠాణాకు వెళ్లి ఏమని ఫిర్యాదు చేస్తాడు?

వివక్ష మన ఊహ కాదు. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో పత్రికా ప్రకటనలకు స్పందనగా దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లే వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోల్చితే తదుపరి దశకు పిలుపు అందుకునే సానుకూలత దళిత పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే ఉన్నట్టు తేలింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల నియామకాధికారులను కలిసి మాట్లాడారు. తాము చూసేది ప్రతిభనే అని చెప్పిన ఆ అధికారులే అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తెలుసుకోవడం ముఖ్యమన్నారు. తండ్రి ఏం చేస్తాడు అన్న ప్రశ్నకు కోస్గి నుంచి వెళ్లిన పిల్లవాడు కూలీ అని చెబితే, ప్రతిభ కొలమానం అక్కడే వంగిపోతుంది.

దీనికి భిన్నమైన ఫలితమూ ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. అభిజిత్ బెనర్జీ బృందం ఢిల్లీ పరిసరాల్లో చేసి 2009లో ప్రచురించిన ఇలాంటి అధ్యయనంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పిలుపుల్లో చెప్పుకోదగ్గ కుల వివక్ష కనిపించలేదు. కాల్ సెంటర్లలో కొంత కనిపించింది. ఐటీ రంగం దీన్ని తన నిర్దోషిత్వానికి రుజువుగా చూపవచ్చు. అయితే ఆ పరీక్ష కొలిచింది యజమాని చేతికి చేరిన రెజ్యూమేకు ఏం జరిగిందన్నదే. జాబితాలో లేని కళాశాల విద్యార్థికి, రిఫర్ చేసే బంధువు లేని అభ్యర్థికి ఏం జరుగుతుందో అది చెప్పదు. ప్రధాన పని అనే ఎంపిక పనిచేసేది సరిగ్గా అక్కడే, రెజ్యూమే చేరకముందు.

సాఫ్ట్‌వేర్‌కు కులం తెలియదు కదా అంటారు. అమెజాన్ తయారు చేసుకున్న నియామక సాధనానికీ స్త్రీల మీద ద్వేషం నేర్పినవారు లేరు. పాత రెజ్యూమేల్లో పురుషులే ఎక్కువ కాబట్టి, స్త్రీలకు సంబంధించిన మాట కనబడితే మార్కులు తగ్గించడం అది తనకు తానే నేర్చుకుంది. ఆ సాధనాన్ని కంపెనీ పక్కన పెట్టేసిందని 2018లో రాయిటర్స్ వెల్లడించింది. మన దగ్గర కులాన్ని పట్టించే ఆనవాళ్లకు కొదవ లేదు. ఇంటి పేరు, పేరు చివరి తోక, చదివిన హాస్టలు, కళాశాల, ఊరు, చదువు మధ్యలో ఇల్లు గడవడానికి ఆగిపోయిన ఏడాది, అన్నీ రెజ్యూమేలోనే ఉంటాయి. ఖాళీని త్వరగా నింపాలి, తక్కువ ఖర్చుతో నింపాలి అన్న లక్ష్యం పెట్టినప్పుడు రిక్రూటర్ సహజంగా రిఫరల్స్‌ వైపు మొగ్గుతాడు. ఇప్పటికే లోపల ఉన్నవారి బంధుమిత్రులే రిఫరల్ జాబితా. లోపల ఎవరున్నారో ఆ జాబితాలోనూ వాళ్లే ఉంటారు. మట్టి పనికి చుట్టరికాల ద్వారా గుంపు కట్టడాన్ని వెనుకబాటు అన్నాం. అద్దాల మేడలోకి చుట్టరికాల ద్వారా గుంపు కట్టడాన్ని మాత్రం నెట్‌వర్కింగ్ అంటున్నాం.

రాజ్యాంగం 16(4) అధికరణం కింద రిజర్వేషన్లు ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాల దాకా వాటిని తీసుకుపోవడానికి 93వ రాజ్యాంగ సవరణ కావలసి వచ్చింది. ప్రైవేటు ఉద్యోగాల విషయంలో పరిశ్రమ సంఘాలు రెండు దశాబ్దాల కిందట స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళితో సరిపెట్టాయి. రిజర్వేషన్ల డిమాండును వదులుకోవాలని నేను అనను. అది సాధించేలోపు, దానికి పునాదిగా, పద్దు పుస్తకం కావాలంటాను.

ఉత్తర ఐర్లండ్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ కాథలిక్, ప్రొటెస్టెంట్ తేడా ముఖం చూస్తే తెలియదు; పేరు, బడి, పేట చెబితే తెలిసిపోతుంది. అచ్చం మన కులం లాగే. 1989 చట్టం తరువాత అక్కడ పది మందికి మించి ఉద్యోగులున్న ప్రైవేటు యజమానులు తమ సిబ్బందిలో ఏ వర్గం వారెందరో ఏటా నివేదించాలి; ఇప్పుడు దరఖాస్తుదారుల లెక్క కూడా చూపాలి. కోటా పెట్టలేదు, లెక్క అడిగారు. న్యూయార్క్ నగరంలో ఆటోమేటెడ్ నియామక సాధనాలు వాడే సంస్థలు పక్షపాత తనిఖీ చేయించి ఫలితాలను బయటపెట్టాలన్న నిబంధన 2023 జూలై నుంచి అమలవుతోంది. ఐరోపా సమాఖ్య నియామకాల్లో కృత్రిమ మేధ వాడకాన్ని అధిక ప్రమాద వర్గంలో చేర్చింది.

తెలంగాణకు ఒక వెసులుబాటు ఉంది. ఎవరి జనాభా ఎంతో 2024 కులసర్వే లెక్కగట్టింది. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. పోల్చి చూడటానికి కొలబద్ద చేతిలో ఉంది, కొలవవలసిన వస్తువే దాక్కుంది. కాబట్టి ప్రభుత్వ భూమి, రాయితీలు, కాంట్రాక్టులు పొందే ప్రతి సంస్థా మూడు లెక్కలు ఏటా ప్రకటించాలి. దరఖాస్తు, వడపోత, ఇంటర్వ్యూ, నియామకం అన్న నాలుగు దశల్లో సామాజిక వర్గాల వారీ సంఖ్యలు మొదటిది. మొత్తం నియామకాల్లో రిఫరల్స్ వాటా రెండోది. క్యాంపస్ నియామకాలకు వెళ్లిన కళాశాలల జాబితా, ఎంపికకు ప్రాతిపదిక మూడోది. కులం వివరాన్ని అభ్యర్థి స్వచ్ఛందంగా, రిక్రూటర్ కంటపడని విడి పత్రంలో ఇవ్వాలి. మొత్తం సంఖ్యలే తప్ప వ్యక్తుల వివరాలు బయటికి రాకూడదు.

రిక్రూటర్లుగా పనిచేస్తున్న బహుజన యువతకు కూడా ఒక మాట. ప్రధాన పని ఏమిటని అడిగినప్పుడు మీకు కేటాయించిన గడిలో టిక్కు పెట్టి ఊరుకోకండి. కళాశాలల జాబితా ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, దాన్ని పొడిగించమని రాతపూర్వకంగా కోరండి. చట్టం లేనిచోట తొలి పద్దు అదే అవుతుంది.

కోస్గిలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను 2024లో ఇంజనీరింగ్ కళాశాలగా పెంచారు. వలస కూలీల ఇళ్ల నుంచి పిల్లలు సొంత ఊళ్లోనే కంప్యూటర్ సైన్స్ చదివే అవకాశం వచ్చింది. ఆ ఏడాది చేరినవారు 2028లో పట్టాలతో బయటికి వస్తారు. కళాశాల కట్టడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఆ పట్టాలు ఏ సాఫ్ట్‌వేర్ జాబితాలో చేరాయో, ఏ జాబితాలో చేరలేదో అడిగే అధికారం ఆలోగా చట్టంలోకి రావాలి.