జేబుల కోటు కొనేముందు



పామర్రు చుట్టుపక్కల రాత్రివేళ చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతులు, చేపల చెరువుల దగ్గర కాపలా ఉండేవారు టార్చిలైటు, సెల్‌ఫోను, నీళ్ల సీసా అన్నీ చేత్తోనే పట్టుకుపోతుంటారు. రెండు చేతులూ నిండిపోతే కర్ర ఎలా పడతారు? 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత భయపెట్టాయో మనం మరచిపోలేదు. కోటు పామును ఆపదు, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే. అయినా టార్చికి ఒక చేయి, కర్రకు ఒక చేయి మిగిల్చే జేబుల కోటు వృథా ఖర్చు కాదని మా అభిప్రాయం.

జేబులు ఎక్కువ ఉన్నదే మంచిదనుకోవద్దు. మన ఉక్కపోతకు చేతుల్లేని పలుచని నూలు కోటు మేలు. వంగినప్పుడు సామాను జారిపోకుండా జేబులకు మూతలుండాలి. ఫోను పై జేబులో, తడవకుండా ప్లాస్టిక్ కవరులో ఉంచండి. షుగరుకు మందులు వాడేవారు ఒక జేబులో పంచదార పొట్లం పెట్టుకోవాలి. పురుగుమందు మాత్రం ఏ జేబులోనూ పెట్టవద్దు. అది చెమటతో ఒంటికి, చేతులతో నోటికి చేరుతుంది.

బ్లేడు, తాడు అక్కరలేదు. పాము కరిస్తే కోయకూడదు, బిగించి కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా, 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. విరుగుడు మందు అక్కడే దొరుకుతుంది.

దావీదు అలవాటు లేని సౌలు కవచాన్ని విప్పేసి, కాపరి సంచిలో అయిదు రాళ్లే వేసుకున్నాడు. మనకూ కావలసింది బరువు కాదు, అవసరానికి చేతికందే వస్తువు.