ఎముకకు ‘బుడగల’ ఊతం.. ఇంకా ప్రయోగశాలలోనే!
* మూలకణాలు వెలువరించే సూక్ష్మ సంచులపై విస్తృత పరిశోధన
* చికిత్సగా అనుమతి లేదు.. ప్రకటనలతో జాగ్రత్త

వరంగల్: రోడ్డు ప్రమాదాల్లో ఎముకలు నుజ్జయిన క్షతగాత్రులు ఉమ్మడి జిల్లాతోపాటు పొరుగు ప్రాంతాల నుంచీ ఎంజీఎం ఆసుపత్రికి వస్తుంటారు. విరిగిన ఎముక సాధారణంగా తనంతట తానే అతుక్కుంటుంది. కొంత భాగం ఊడిపోయినా, చీము పట్టి తొలగించాల్సి వచ్చినా ఆ ఖాళీ పూడటం కష్టం. తుంటి నుంచి ఎముక తీసి అమర్చడం నేటికీ ప్రామాణిక విధానం. అయితే అక్కడ లభించేది కొంతే. పైగా మరోచోట గాయం తప్పదు. సోవియట్ వైద్యుడు ఇలిజరోవ్ రూపొందించిన రింగుల పద్ధతిలో ఎముకను రోజుకు మిల్లీమీటరు చొప్పున జరుపుతారు. అయిదు సెంటీమీటర్ల ఖాళీకి జరపడానికే 50 రోజులు, గట్టిపడటానికి మరికొన్ని నెలలు పడుతుంది. రెక్కాడితేగానీ డొక్కాడని కుటుంబానికి ఆ నెలలే పెనుభారం.

ఏమిటీ బుడగలు?
ఈ వ్యవధిని తగ్గించే మార్గంగా శాస్త్రవేత్తలు కణాలు విడిచే సూక్ష్మ సంచులను పరిశీలిస్తున్నారు. వీటిలో ఎక్సోజోములనేవి సుమారు 30 నుంచి 150 నానోమీటర్లుంటాయి. ప్రోటీన్లను, మైక్రో ఆర్‌ఎన్‌ఏలను మోసుకెళ్లి ఇతర కణాలకు సంకేతాలిస్తాయి. మజ్జలోని మూలకణాల నుంచి సేకరించిన బుడగలు జంతువులలో కొత్త రక్తనాళాలు, ఎముక ఏర్పడేందుకు తోడ్పడినట్లు అధ్యయనాల్లో తేలింది. సజీవ కణాలను ఎక్కించనక్కర లేకపోవడం ఇందులోని సౌలభ్యం. అయితే ప్రతి విడతలో ఒకే నాణ్యత సాధించడం, మోతాదు నిర్ణయించడం, గాయం వద్దే నిలిపి ఉంచడం ఇంకా కొరుకుడు పడలేదు.

తొందర తగదు
ఎముకను పుట్టించే పదార్థం ఉన్నదని అమెరికా వైద్యుడు యూరిస్ట్ 1965లో చాటగా, ఆ కోవకు చెందిన బీఎంపీ-2 ప్రోటీనుకు వెన్నెముక శస్త్రచికిత్సలో వాడేందుకు అక్కడ అనుమతి లభించింది 2002లో. ఆ తర్వాతా దుష్ప్రభావాలు బయటపడ్డాయి. ఎక్సోజోముల ఉత్పత్తులపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. ఆ సంస్థ ఆమోదించిన ఎక్సోజోమ్ ఔషధం ఒక్కటీ లేదు.

‘అరిగిన ఎముకకు కొత్త ఊపిరి’ వంటి ప్రకటనలు చూసి పొలం తాకట్టు పెట్టేముందు రోగులు మూడు ప్రశ్నలు వేయాలి. ప్రయోగం జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? నైతిక కమిటీ అనుమతి ఉందా? డబ్బు ఎందుకు అడుగుతున్నారు? ప్రయోగంలో హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం అందించాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

కాకతీయ వైద్య కళాశాల, నిట్ బయోటెక్నాలజీ విభాగం, కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాల.. రోగి, ప్రయోగశాల, ఔషధ పరిజ్ఞానం మూడూ ఓరుగల్లులోనే ఉన్నాయి. ఇవి చేతులు కలిపితే ఈ పరిశోధనలో ఇక్కడి పేదలకూ చోటు దక్కుతుంది. అంతవరకు బుడగలు ఆశ మాత్రమే, వైద్యం కాదు.