చలికాలంలోనూ తొట్టి నిండాలి

పశువుల తాగునీళ్లంటే అధికారులకైనా మనకైనా ఏప్రిల్, మే నెలలే గుర్తొస్తాయి. అర్జీలన్నీ అప్పుడే పెడతాం. తొట్లకు సున్నం కొట్టేదీ, ఫొటోలు దిగేదీ అప్పుడే. పుష్యమాసంలో పశువు నీళ్లు తాగిందా లేదా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఈ సంచికలో ఆ మాటే ఎత్తుకుంటున్నాం.

లడఖ్ లాంటి చోట్ల, మంచు దేశాల్లో రైతులు తెల్లారి లేవగానే తొట్టిలో గడ్డకట్టిన నీళ్లు పగలగొట్టాలి. కొన్ని దేశాల్లో తొట్టికి కరెంటు హీటర్లు పెట్టుకుంటారు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో మనకు ఆ బాధ లేదు. ఎంత చలి పెట్టినా మన తొట్టిలో నీళ్లు గడ్డకట్టవు. అందుకే చలికాలం నీళ్ల సంగతి మనకు పట్టలేదు. గడ్డకట్టకపోయినా రాత్రంతా బయట ఉన్న సిమెంటు తొట్టి నీళ్లు తెల్లారేసరికి జివ్వుమంటాయి. ఎద్దు మూతి పెట్టి రెండు గుక్కలు తాగి తల ఎత్తేస్తుంది. దప్పిక లేదేమో అనుకుని మనం కట్టేస్తాం.

దప్పిక లేక కాదు. కార్తీకంలో గట్ల మీద పచ్చిగడ్డి ఉంటుంది. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతు నీళ్లే కాబట్టి పశువు మేతతోనే సగం దప్పిక తీర్చుకుంటుంది. పుష్యం వచ్చేసరికి జొన్న సొప్ప, బుడ్డల కట్టె తప్ప ఏముంది? ఎండుమేత కిలోకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. ఎనిమిది కిలోల సొప్ప నమిలే ఎద్దుకు తక్కువలో తక్కువ పాతిక, ముప్పై లీటర్లు కావాలన్నమాట. పాలిచ్చే ఎనుముకు ఇంకా ఎక్కువ. తొట్టి నీళ్ల అవసరం పెరిగే కాలమూ, పశువు తాగడానికి వెనకాడే కాలమూ ఒకటే అయి కూర్చుంది.

నీళ్లు చాలకపోతే తిన్న సొప్ప కడుపులో ముద్ద కడుతుంది. పేడ గట్టిపడుతుంది, నెమరు తగ్గుతుంది, మేత మీద మనసు పోతుంది. పాల కేంద్రం దగ్గర చలికి పాలు తగ్గినాయని చెప్పుకుంటాం. పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే కదా, తాగని ఎనుము ఎక్కడినుంచి ఇస్తుంది? ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు ఎద్దులు తోలుకుపోయే రోజులు కూడా ఇవే. బేరగాడు పళ్లు చూసేముందే డొక్క చూస్తాడు. డొక్క లోపలికి పోయిన ఎద్దుకు ఏం ధర పలుకుతుందో సంతకు పోయినవాళ్లకు చెప్పక్కరలేదు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. బోరు నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా వస్తాయి, తెల్లారి బోరు కింద చెయ్యి పెట్టిన ప్రతి రైతుకూ తెలుసు. ఆ నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పశువుకు పెట్టాలి. రాత్రి తొట్టిలో నీళ్లు నిలవ ఉంచకుండా పొద్దెక్కినాక నింపుకోవాలి. తొట్టి చెట్టు నీడన కాకుండా ఎండ తగిలేచోట ఉండాలి. నీడన తొట్టి కట్టేది వేసవి తెలివి, చలికాలానికి అది పనికిరాదు. పొద్దున ఒకసారి కాదు, ఎండపూట రెండుసార్లు చూపించాలి. కుడితిలో కొంచెం ఉప్పు, గుప్పెడు తవుడు వేసి గోరువెచ్చగా పెడితే ఇష్టంగా తాగుతుంది. జీవాలు కాసే అన్నదమ్ములకు ఒక మాట: చూడి గొర్రెలకు చల్లటి కుంట నీళ్లు తెల్లారే చూపొద్దు, మంచు విడిచినాక చూపండి.

ఇదంతా చేసేదానికి ఇంట్లో మనిషి ఉండాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. పత్తి ఏరడం అయిపోతానే కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు దిక్కు పల్లెలు ఖాళీ అవుతాయి. జనం గుంటూరు మిరప కోతలకు, ఇంకా దూరం పనులకు పోతారు. ఇంటికాడ మిగిలేది ముసలి అవ్వాతాతలు, బడికి పోయే పిల్లలు, రెండు పశువులు. కుళాయి రోజూ రాదు. వచ్చిన రోజు బిందెలకే చాలదు. డెబ్బై ఏళ్ల అవ్వ చలిలో ముప్పై లీటర్లు మోసి ఎద్దుకు పెట్టాలంటే అయ్యే పనేనా? ఆ మొయ్యలేక అమ్ముకున్న ఎద్దులే సంతలో ఎక్కువ. వలసపోయిన కుటుంబం తిరిగొచ్చి మళ్లీ సేద్యం చెయ్యాలంటే ఆ ఎద్దు ఉండాల కదా.

ఉపాధి హామీ కింద ఊరూరా పశువుల తొట్లు కట్టినారు, మంచిదే. కట్టిన కూలి మనదే. కానీ తొట్టి కట్టడానికి లెక్క ఉంది గానీ దాన్ని రోజూ నింపే మనిషికి, మోటారుకు లెక్క లేదు. కొన్ని ఊళ్లలో తొట్లల్లో చెత్త, ఎండుటాకులు తప్ప నీళ్లు లేవు. వేసవిలో ట్యాంకరుతోనన్నా రెండుసార్లు తడుస్తాయి, చలికాలంలో అదీ లేదు.

ఇంక కాలువ సంగతి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనమందరం గుండెలు చేత్తో పట్టుకున్నాం. గేట్లు మార్చాల్సిందే, అందులో వాదం లేదు. అయితే ఎల్లెల్సీ మూసే ప్రతిసారీ బసలదొడ్డి లాంటి మంచినీళ్ల చెరువులు నింపాలని గుర్తుపెట్టుకునే యంత్రాంగం, పల్లె కుంటల్లో పశువులకు ఎన్ని నీళ్లుండాలని లెక్క కట్టడం లేదు. మనుషులకు తలకిన్ని లీటర్లని లెక్క కట్టినట్టే పశువుకూ కట్టాల. కాలువ కట్టేసే ముందే కుంటలు నింపాల. పంచాయతీ బోరుకు పగటిపూట కరెంటు ఇచ్చి, ఆ పూటే తొట్టి నింపే బాధ్యత ఒక మనిషికి జీతమిచ్చి అప్పగించాల. వలసపోయిన ఇండ్ల పశువులకు మొదటి వంతు ఇవ్వాల. మేం అడిగేది ఇంతే.

ఈ నెల మండల సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఊళ్లో తొట్లు ఎన్ని, పొద్దున పది గంటలకు నీళ్లున్నవి ఎన్ని, ముసలివాళ్ల మీద వదిలిన పశువులు ఎన్ని అని ఒక కాగితం మీద రాసుకుని రండి. ఊళ్లన్నిటి కాగితాలు కలిపి ఆదోని సబ్ కలెక్టర్ ఆఫీసుకు పోదాం.