ఒకే కొలత - రెండు పాత్రలు

గుంటూరు జిల్లా మంగళగిరి కొండమీద వెలసిన పానకాల నరసింహస్వామికి బెల్లపు పానకమే నైవేద్యం. భక్తుడు బిందెతో తెచ్చినా, చిన్న చెంబుతో తెచ్చినా స్వామి అందులో సగమే స్వీకరించి, తక్కిన సగాన్ని ప్రసాదంగా విడిచిపెడతాడని భక్తుల విశ్వాసం. ధనికునికీ పేదకూ అక్కడ కొలత ఒక్కటే. ఆ నరసింహుని కథను చెప్పిన కవులు సైతం తమ పాత్రలను ఒకే కొలతతో కొలిచారు. హిరణ్యకశిపునికీ ప్రహ్లాదునికీ ఒకే విధమైన సన్నివేశాలను కల్పించి, వారి మధ్యగల భేదాన్ని పాఠకుడే గుర్తించేటట్లు చేశారు. ఒకరు మంచివారని, మరొకరు చెడ్డవారని కవి ముద్ర వేసి చెప్పడంకంటె ఈ పద్ధతి ఎంతో మేలైనది.

తెలుగులో ఈ కథకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. పద్నాలుగో శతాబ్దిలో ఎఱ్ఱన 'నృసింహపురాణం' రచించాడు. పదిహేనో శతాబ్దిలో పోతన ఆంధ్ర మహాభాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాద చరిత్రను ఇంటింటి కథగా మార్చాడు. భాగవత కథలో వరాలకు సంబంధించిన సన్నివేశాలు రెండున్నాయి. మొదటిది తండ్రిది. హిరణ్యకశిపుడు మందర పర్వతంమీద ఘోరతపస్సు చేసి బ్రహ్మను మెప్పించాడు. మనిషివల్ల గాని మృగంవల్ల గాని, ఇంటిలోపల గాని వెలుపల గాని, పగలు గాని రాత్రి గాని, నేలమీద గాని నింగిలో గాని చావు రాకూడదని కోరుకున్నాడు. మృత్యువు వచ్చే దారులన్నింటినీ లెక్కించి, ఒక్కొక్కటే మూసివేశాడు.

రెండవది కుమారునిది. నరసింహుడు ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నప్పుడు, ప్రతిఫలం ఆశించి చేసే సేవ వర్తకమే గాని భక్తి కాదని ప్రహ్లాదుడు విన్నవించాడు. తన హృదయంలో కోరికలే మొలకెత్తకుండా అనుగ్రహించమన్నాడు. తరువాత తన తండ్రి పాపవిముక్తుడు కావాలని ప్రార్థించాడు. ఇద్దరి ముందూ దైవమే నిలిచింది; ఇద్దరినీ అడిగిన ప్రశ్న ఒక్కటే. తండ్రి తనకోసం అడిగాడు. కుమారుడు తనను హింసించిన ఆ తండ్రికోసం అడిగాడు. ఈ రెండు ఘట్టాలను ప్రక్క ప్రక్కన ఉంచి చూస్తే వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇంతకంటె లోతైన జంట మరొకటి ఉన్నది. వరాహరూపుడైన విష్ణువు చేతిలో హిరణ్యాక్షుడు మరణించినప్పుడు తల్లి దితి దుఃఖసాగరంలో మునిగింది. అప్పుడు ఆమెను ఓదార్చినవాడు హిరణ్యకశిపుడే. చలివేంద్రం వద్ద బాటసారులు కలిసి విడిపోయినట్లే లోకంలో బంధువులు కలిసి విడిపోతారని, శరీరం నశించినా ఆత్మ నశించదని అతడు బోధించాడు. సుయజ్ఞుడనే రాజు కథనుకూడ ఉదాహరణగా చెప్పాడు. ప్రహ్లాదుడు గురువులు లేని సమయంలో తోటి రాక్షస బాలకులకు చెప్పినదీ దాదాపు ఈ మాటే: దేహం అశాశ్వతం, ఆత్మ శాశ్వతం. జ్ఞానం ఒక్కటే అయినప్పుడు భేదం ఎక్కడ? శరీరం నశించక తప్పదని తల్లికి చెప్పినవాడే తన శరీరం నశించకూడదని తపస్సుకు బయలుదేరాడు. కుమారుడు మాత్రం ఆ మాటను మిత్రులకు చెప్పకముందే ఏనుగుల పాదాల క్రింద, పాముల నడుమ, అగ్నిలో దానిని ఆచరించి చూపాడు.

ఇటువంటి జంట సన్నివేశాలు పాత్రలను తెలుపు నలుపులుగా విడదీస్తాయని కొందరు ఆక్షేపిస్తారు. నిజానికి జరిగేది ఇందుకు విరుద్ధం. తమ్మునికోసం తపించిన అన్నగా, తల్లిని ఓదార్చిన బిడ్డగా, అసాధారణమైన దీక్ష గలవానిగా కవి హిరణ్యకశిపుని చూపాడు. అతడు కేవలం క్రూరుడే అయితే పాఠకుడు అతనిని అసహ్యించుకొని ఊరుకొనేవాడు. ఇంత తెలిసినవాడు కూడా ఇలా పతనమయ్యాడే అన్న భయం అప్పుడు కలిగేది కాదు. పోలిక ఎంత దగ్గరగా ఉంటే భేదం అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పద్ధతి పురాణాలతో ఆగిపోలేదు. గుంటూరు సీమకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువరించిన 'మాలపల్లి' నవలలో రామదాసు కుమారులు వెంకటదాసు, సంగదాసు ఒకే అన్యాయాన్ని ఎదుర్కొంటారు. సంగదాసు శాంతమార్గంలో కూలీల పక్షాన నిలిచి, చౌదరయ్య దెబ్బకు ప్రాణాలు కోల్పోతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడుగా మారి, ధనికులను దోచి పేదలకు పంచుతాడు. ఇక్కడ పోలిక మంచికీ చెడుకూ మధ్య కాదు. ఒకే బాధకు పుట్టిన రెండు సమాధానాల మధ్య. తీర్పు చెప్పవలసిన భారం పాఠకునిదే.

పాత్ర స్వభావాన్ని గురించి వ్రాయమన్నప్పుడు శాంతం, ధైర్యం, క్రౌర్యం అంటూ గుణాల పట్టిక వ్రాయడం విద్యార్థులకు అలవాటు. ఆ పట్టిక పరీక్ష ముగియగానే మరపున పడుతుంది. దానికి బదులు రెండు పాత్రలకు ఎదురైన ఒకే పరిస్థితిని వెదకి, ఎవరు ఏమి మాట్లాడారో, ఏమి చేశారో పరిశీలించడం అలవరచుకోవాలి. అప్పుడు మాటలో ఉన్న జ్ఞానానికీ, నడతలో ఉన్న జ్ఞానానికీ గల దూరం తెలుస్తుంది. హిరణ్యకశిపుడు కుమారుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏమి చదువుకొన్నావని ప్రేమతో అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అది. తాను చదువుకొన్నది తనలో ఎంత మిగిలిందని అతడు తననుకూడ అడిగి ఉంటే కథ మరొక విధంగా ఉండేది.