సంచి లేని శనివారం

ప్రతి నెలా నాలుగో శనివారం బడుల్లో ‘నో బ్యాగ్ డే’ పాటించాలని తెలంగాణ విద్యాశాఖ 2023లో చెప్పింది. మంచి నిర్ణయమే. కానీ సంచి ఇంట్లో వదిలి, అదే బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంటే పిల్లలకు ఒరిగేదేమిటి? హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి ప్రాథమిక పాఠశాలలకు ఆ చిక్కే లేదు. దగ్గర్లోని పబ్లిక్ గార్డెన్స్‌లో రాలిన ఆకులను ఆకారాన్ని బట్టి వేరు చేయించవచ్చు, చెట్ల చుట్టుకొలతను దారంతో కొలిపించవచ్చు. అక్కడే స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, జవహర్ బాలభవన్ ఉంది. అబిడ్స్ జీపీవోలో సొంత చేత్తో రాసిన కార్డు పోస్టు చేస్తే తెలుగు పాఠం అమ్మమ్మ ఊరిదాకా వెళ్తుంది. ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పిల్లలను రోడ్డు దాటించే సిబ్బంది, ముందస్తు అనుమతులు, సిలబస్ ఏమైందని టీచర్లను నిలదీయని అధికారులు ఉంటే చాలు. ఈ మూడూ విద్యాశాఖ సమకూర్చగలిగినవే.