బండి మీద ఇల్లు కట్టుకుని వెళ్తామా? డిసెంబరు యాత్ర జాబితా మీద నా అభ్యంతరం



మొన్న ఆదివారం సమావేశంలో నాకు రెండు నిమిషాలిచ్చి కూర్చోబెట్టేశారు. అక్కడ మింగేసిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. పొడుగే ఉంటుంది. తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే కింద తిట్టండి, కాకపోతే చదివాక తిట్టండి.

సంగతి మన యువజన విభాగం డిసెంబరులో పెట్టుకున్న దారింగబాడి మోటారు సైకిల్ యాత్ర. మూడు పగళ్ళు, రెండు రాత్రులు, ఆరుబయట మకాం. కమిటీ వారు వాట్సాప్‌లో పెట్టిన "తప్పనిసరి సామాను" జాబితా అందరూ చూసే ఉంటారు. నేను కూర్చుని లెక్కపెట్టాను. 31 వస్తువులు. బండికి కాదు, మనిషికి! మడత కుర్చీ, రెండు దుప్పట్లు, తలగడ, స్టీలు కంచం, రెండు గ్లాసులు, చెంబు, మూడు జతల బట్టలు, అది కాక సాయంత్రం కార్యక్రమానికి లాల్చీ పైజమా. ఇస్త్రీ పెట్టె ఒక్కటే మర్చిపోయారు. ఇవన్నీ ఎవరివి వాళ్ళు తమ బండి మీదే తెచ్చుకోవాలట. వంట గిన్నెలు, టెంట్లు తేవడానికి వెనకాల ఒక బొలెరో వస్తుందట. అందుకని రుసుము 900 నుంచి 3,200 అయిందట.

జాబితా మీదా అభ్యంతరమే, బొలెరో మీదా అభ్యంతరమే. రెండూ ఒకే జబ్బు.

ముందు పోయినేడు ఏం జరిగిందో మర్చిపోయిన వాళ్ళకి గుర్తు చేస్తాను. సురడా దాటి ఘాట్ ఎక్కుతున్నాం. నాకు రెండు బళ్ళు ముందు మన సభ్యులొకరి అబ్బాయి. పేరెందుకు, అందరికీ తెలుసు. 100 సీసీ బండి, వెనకాల స్నేహితుడు, వాడి వెనక క్యారియర్ మీద 5 కిలోల గ్యాసు సిలిండరు, కుక్కరు, నలుగురు పట్టే టెంటు, రెండు సంచులు. అన్నీ ట్యూబు కోసిన రబ్బరు తాళ్ళతో కట్టారు. మలుపులో బండి నెమ్మదించింది, తాడు సాగింది, సిలిండరు ఒక పక్కకి జారింది. ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ అటూ ఇటూ ఆడింది. కుర్రాడు కాలు దించాడు, కానీ ఆ బరువుని కాలు ఆపలేదు. కాలర్ బోన్ విరిగింది. పైనుంచి దిగుతున్న బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి అంతటితో పోయింది. ఆ అబ్బాయి బట్టల కొట్లో పని చేస్తాడు. చెయ్యి మెడకి కట్టుకుని ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాడు, ఆ ఆరు వారాలూ జీతం లేదు.

ఆ సామాను నేనే బరంపురం దింపించాను. మా స్పేర్ పార్టుల కొట్టు పక్కనే అప్పడాలు, పచ్చళ్ళ కొట్టు ఉంది. అక్కడి కాటా మీద పెట్టించాను. 43 కిలోలు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. బండి కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం ఎవరూ తెరవరు. అందులో ఆ బండి ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. నా 100 సీసీ బండి పుస్తకంలో 130 కిలోలు అని ఉంది. సామానొక్కటే కాదు, నడిపేవాడు, వెనక కూర్చున్నవాడు, సామాను, అన్నీ కలిపి. ఆ కుర్రాడిదీ అదే రకం బండి. వాడు 62 కిలోలు, స్నేహితుడు 58. అక్కడికే 120. మిగిలింది పది కిలోలు. వీళ్ళు పెట్టింది 43. ఇంక రోడ్డుని, కుర్రాడి అనుభవాన్ని, గ్రహాల్ని తప్పుపట్టి లాభమేమిటండీ? మన కమిటీ మాత్రం "రోడ్డు బాలేదు, పిల్లలు స్పీడు" అని తీర్మానం రాసుకుని ఈ ఏడు జాబితాకి ఇంకో తొమ్మిది వస్తువులు కలిపింది.

బరువు ఎంత అన్నది ఒక సంగతి, ఎక్కడ పెట్టామన్నది ఇంకో సంగతి. ముప్పై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. వెనక చక్రం ఇరుసుకి వెనకాల పెట్టిన ప్రతి కిలో ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. పిల్లలాడే తూగుబల్ల లాంటిదే. ఎక్కేటప్పుడు ముందు చక్రానికి పట్టు తప్పితే హ్యాండిల్ మన మాట వినదు. దిగేటప్పుడు కష్టం ఇంకో రకం. అంత బరువునీ ఆపాల్సింది చిన్న బ్రేకులే. పదిహేను మలుపులు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ము కాలిపోయి, నొక్కినా పట్టదు. రెండో గేరులో పెట్టి ఇంజను మీదే దింపాలి, బ్రేకు తాకి వదలాలి. ఇది తెలిసిన కుర్రాళ్ళు కూడా బరువెక్కువైతే భయంతో బ్రేకు వదలరు. టైరు గాలి సంగతి సరేసరి. ఇద్దరెక్కితే వెనక టైరులో ఎంత గాలుండాలో బండి మీదే స్టిక్కరు ఉంటుంది, దాన్ని చదివిన వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇక సమావేశంలో నాకు చెప్పిన జవాబులు.

"అక్కడ చలి, మీకు తెలీదా?" తెలుసు. దారింగబాడి మూడు వేల అడుగుల ఎత్తు. డిసెంబరు, జనవరిలో తెల్లారేసరికి గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి. కానీ చలి పైనుంచి కంటే కిందనుంచి ఎక్కువ వస్తుంది. నేలమీద పడుకుంటే మన ఒంటి వేడిని నేల లాగేసుకుంటుంది. ఒంటి కింద నలిగిన దుప్పటి దాన్ని ఆపలేదు. అర కిలో కూడా తూగని ఫోము చాప ఆపుతుంది. చాప లేకుండా మీద నాలుగు దుప్పట్లు కప్పుకున్నా వణుకే. జాబితాలో దుప్పట్లు రెండున్నాయి, తలగడ ఉంది. చాప లేదు! మన ఇళ్ళల్లో దుప్పటి ఒక్కొక్కటి రెండు కిలోలు తక్కువ ఉండదు, తడిస్తే ఇంకా ఎక్కువ. ఇది రాసినవారు ఎప్పుడైనా నేలమీద పడుకున్నారా అని నా అనుమానం.

"మనవాళ్ళకి తిండి సరిగ్గా లేకపోతే కుదరదు." ఈ మాట అన్నవారంటే నాకు గౌరవం, పెద్దవారు. ఆయన చిన్నప్పుడు సింహాచలం వెళ్ళాలంటే ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, మరచెంబు, మూడంతస్తుల క్యారేజీ రైలెక్కేవి. మా నాన్నగారూ అంతే. కానీ అది రైలు మావయ్యగారూ, మోసేది ఇంజను, దించేది కూలీ. ఇక్కడ మోసేది ఒక సైకిల్ గొలుసు లాంటి గొలుసు. పైగా ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కాబేజీ బరంపురం నుంచి మూటకట్టి కంధమాళ్ కొండల మీదకి ఎక్కించడమేమిటి? అక్కడ సంతలో దొరకవా? కొండవాళ్ళు పండించిన కూరలు వాళ్ళ దగ్గరే కొంటే మనకి బరువు తగ్గుతుంది, వాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి. మధ్యాహ్నం అక్కడి హోటల్లో అన్నం, దాల్మా తిందాం. రాత్రికి అటుకులు, ఛతువా, బెల్లం, వేరుశెనగలు, ఇంట్లో వేయించి తెచ్చుకున్న ఉప్మా రవ్వ. మన ఊరి అప్పడాలు ఓ కట్ట, అవి బరువుండవు కాబట్టి నా ఓటు వాటికే.

"అన్నీ ఉంటే మంచిది కదా, ఏదెప్పుడు అవసరమో." అన్నిటికంటే ప్రమాదమైన మాట ఇదే. ఈ మాటతోనే సంచిలోకి రెండో చెంబు ఎక్కుతుంది. పోయినేడు యాత్ర నుంచి వచ్చాక ఎనిమిది మంది సంచులు మా కొట్లో విప్పించాను. మడత విప్పని బట్టలు, మూత తీయని డబ్బాలు, వెలిగించని రెండో లైటు. ఒకాయన ఊరగాయ జాడీ తీసుకెళ్ళి అలాగే తెచ్చాడు, కారిన నూనెతో సహా.

ఇప్పుడు నా సంచి సంగతి. గొప్పకి కాదు, అడిగారు కాబట్టి. మూడు మీటర్ల చదరం పల్చటి టార్పాలిన్, తాడు, ఆరు మేకులు. బండికీ చెట్టుకీ కడితే ఇద్దరికి గూడు. ఫోము చాప. ఒక స్లీపింగ్ బ్యాగు. ఒంటిమీద వేసుకున్నవి కాక ఒక జత, రెండు మేజోళ్ళు, మంకీ క్యాపు, చేతి తొడుగులు. పడుకునేటప్పుడు ఆ జత బట్టలే సంచిలో కుక్కితే తలగడ. రెయిన్ కోటు. ఒక సత్తు గిన్నె, అరచేతిలో పట్టే చిన్న స్టవ్వు, దానికి 230 గ్రాముల గ్యాసు డబ్బా. స్పూను. తిండి కిలోన్నర, నీళ్ళు రెండు లీటర్లు. పానాలు, ప్లగ్గు, క్లచ్ వైరు, పంచరు సామాను, చేతి పంపు. మందుల సంచి. టార్చి. పచ్చళ్ళ కొట్టు కాటా మీద నీళ్ళతో సహా పన్నెండున్నర కిలోలు. బరువైన పానాలు, నీళ్ళు సీటుకి అటూ ఇటూ కిందకి, ఇరుసులు రెంటి మధ్యలో పడేలా. తేలికైన చాప, పడక వెనక. రబ్బరు తాళ్ళు నేను వాడను, పటకా ఉన్న పట్టీలు బిగిస్తాను. నలభై కిలోమీటర్లయ్యాక ఆసికాలో టీకి ఆగినప్పుడు మళ్ళీ బిగిస్తాను.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. తేలిక, తేలిక అని ఒకసారి అక్టోబరులో రెయిన్ కోటు వదిలేసి బయల్దేరాను. తప్తపాణి దగ్గర వాన పట్టుకుంది. తడిసి ముద్దై, వేడినీళ్ళ గుండం పక్కన వణుకుతూ నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. కాబట్టి వాన సామాను, మందులు, పంచరు సామాను, ఈ మూడింటిలో గ్రాము తగ్గించమని నేననను. చిత్రమేమిటంటే కమిటీ జాబితాలో కుర్చీ ఉంది, పంచరు సామాను లేదు.

బొలెరో గురించి. దీని కోసమే ఇంత రాశాను.

900 రూపాయలు ఉన్నప్పుడు ఎవరెవరు వచ్చేవారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నేత ఇళ్ళ పిల్లలు, మెకానిక్ షెడ్లలో పనిచేసే పిల్లలు, పర్లాకిమిడి నుంచి ఇద్దరు, రాయగడ నుంచి ముగ్గురు. వీళ్ళల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు, బళ్ళో నేర్పలేదు. ఇంట్లో అమ్మతో తప్ప తెలుగులో మాట్లాడే చోటే లేదు. ఆ రెండు రాత్రులూ మంట చుట్టూ కూర్చుని రాయగడ యాసని బరంపురం వాళ్ళు వెక్కిరించడం, వాళ్ళు తిరిగి వెక్కిరించడం, ఎవరి తాత ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పుకోవడం. మన సంఘం ఏడాది పొడుగునా హాల్లో చేసే సభలన్నిటికంటే అక్కడ ఎక్కువ తెలుగు వినబడుతుంది. 1936లో గంజాం ఒడిశాలో కలిసిన నాటి నుంచి భాష పోతోందని ప్రతి ఉగాదికీ ఉపన్యాసం ఇస్తాం కదా. ఆ భాష మాట్లాడే పిల్లాణ్ణి 2,300 రూపాయల తేడాతో బయట నిలబెడుతున్నాం. గిన్నెల కోసం! ఈసారి ఇప్పటికే నలుగురు నా కొట్టుకొచ్చి "ఈ ఏడు వద్దులే బాబాయ్, పనుంది" అన్నారు. ఆ పనేమిటో నాకు తెలుసు.

బొలెరో లేకుండా కుదరదా? కుదురుతుంది. ఇద్దరెక్కిన 100 సీసీ బండికి ఘాట్లో సామాను చోటే లేదని పైన లెక్క చెప్పాను. కానీ ఒంటరిగా వచ్చేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. నేను 74 కిలోలు, నా సంచి పన్నెండున్నర. నా బండిలో ఇంకా 43 కిలోల చోటుంది. నేను నిండా నింపమనను, ఇంకో రెండు చిన్న సంచులు పక్కలకి కట్టుకుంటాను. ఒంటరి బళ్ళన్నీ ఇలా పంచుకుంటే సరిపోతుంది. దెబ్బ తగిలితే వాహనం ఉండాలి అన్న మాట ఒక్కటే న్యాయమైనది, దానికి నేను తలవంచుతాను. అలాగైతే సభ్యుల్లో ఎవరిదైనా కారు ఖాళీగా వెనక రానివ్వండి, పెట్రోలు అందరం పంచుకుందాం. అందులో గిన్నె ఒక్కటి ఎక్కినా నేను ఒప్పుకోను. గిన్నెలతో నిండిన బండిలో దెబ్బ తగిలినవాణ్ణి ఎక్కడ పడుకోబెడతారు?

కార్యదర్శి గారికి నా విన్నపం ఇది. జాబితా వెనక్కి తీసుకోండి. దాని బదులు మనిషికి పదమూడు కిలోలు మించకూడదని ఒక్క లైను పెట్టండి, రుసుము పాతదే ఉంచండి. యాత్రకి ముందు వచ్చే ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చేవాళ్ళంతా సర్దుకున్న సంచులతో, బళ్ళతో మా కొట్టు దగ్గరికి రండి. కాటా మాట్లాడి ఉంచాను. టైరు గాలి, గొలుసు, బ్రేకు నేనూ మా కుర్రాడూ ఊరికే చూసిపెడతాం. రుసుము పెరిగిందని మానుకున్న ఆ నలుగురూ కూడా రావాలి, వాళ్ళకి నేను ఫోను చేస్తాను. టీ నాది.