చల్లిన యూరియా ఎవరి పాలు?

వరికయ్యలో చల్లిన యూరియా అంతా వరికే చేరుతుందని మీరనుకుంటున్నారా? చేరదు. వేసిన నత్రజనిలో పైరుకు దక్కేది సాధారణంగా నూటికి ముప్పై, నలభై పాళ్ళే. లెక్క వేసి చూడండి. యూరియా బస్తా బరువు 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే సుమారు 21 కిలోలు. వరి తీసుకొనేది ఏడెనిమిది కిలోలు. మిగిలినదానిలో కొంత నేలలో ఉండిపోతుంది. తక్కినది గాలిపాలు, నీటిపాలు అవుతుంది. పైరు పచ్చబడలేదని మరో బస్తా తెచ్చేముందు, మొదటి బస్తా ఎటు పోయిందో తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఇందుకు నీరు నిలిచిన నేల సంగతి కొంచెం తెలియాలి. కయ్యలోని బురదను పారతో జాగ్రత్తగా తీసి చూడండి. పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన గోధుమరంగు పొర కనిపిస్తుంది. దాని కింది మట్టి నీలి బూడిదరంగులో ఉంటుంది. పైపొరకు నీటిలో కరిగిన ప్రాణవాయువు అందుతుంది. కింది పొరకు అందదు. ఒకే మడిలో రెండు వేర్వేరు లోకాలన్నమాట!

నీటిలో పడిన యూరియా కొద్ది రోజులలోనే అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియానికి ధన విద్యుదావేశం, బంకమట్టి రేణువులకు ఋణ విద్యుదావేశం ఉంటాయి. కనుక కింది పొరకు చేరిన అమ్మోనియం మట్టిని పట్టుకొని భద్రంగా ఉంటుంది. వరివేళ్ళు దానిని మెల్లగా తీసుకొంటాయి.

పైపొరలో ఉండిపోయిన అమ్మోనియం కథ వేరు. అక్కడ ప్రాణవాయువు ఉన్నందున కొన్ని బాక్టీరియాలు దానిని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మట్టి పట్టి ఉంచలేదు. అది నీటితో కిందికి జారుతుంది. అక్కడ ప్రాణవాయువు దొరకని మరికొన్ని బాక్టీరియాలు నైట్రేటులోని ఆక్సిజన్‌ను వాడుకొంటాయి. మిగిలిన నత్రజని వాయువై పైకి పోతుంది. జపాన్ శాస్త్రవేత్త షియోయిరి ఈ సంగతిని గత శతాబ్దపు పూర్వార్ధంలోనే గుర్తించి, ఎరువును కింది పొరలో వేయాలని చెప్పాడు. ఈ మార్పులో కొంత నైట్రస్ ఆక్సైడ్ కూడా పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 270 రెట్లు శక్తి గలది.

మరో దొంగదారి కూడా ఉంది. పగటిపూట నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకోగా నీటి క్షారత్వం పెరుగుతుంది. అప్పుడు నీటిలోని అమ్మోనియం అమ్మోనియా వాయువుగా మారి, ఎండకూ గాలికీ ఎగిరిపోతుంది.

“యూరియాకు వేపపూత ఉంది కదా?” అని మీరడగవచ్చు. నిజమే. మన దేశంలో తయారయ్యే యూరియాకంతా 2015లో వేపపూతను తప్పనిసరి చేశారు. అయితే వేప నైట్రేటు తయారీని మందగింపజేస్తుందే కాని, అమ్మోనియా ఎగిరిపోకుండా ఆపదు.

మరి ఉపాయం? వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేది సులువైనదే. యూరియాను ఒకేసారి కుమ్మరించక, దమ్ములోనూ, దుబ్బు చేసేటప్పుడూ, అంకురం దశలోనూ విడతలుగా వేయాలి. నిలిచిన నీటిలో చల్లకుండా, నీరు తీసి బురద పదునులో చల్లాలి. ఒకటి రెండు రోజుల తరువాత పలుచగా నీరు పెట్టాలి. అప్పుడు నత్రజని బురదలోకి దిగుతుంది. ఆ తరువాత కయ్య నెర్రెలు విచ్చేదాకా ఎండకూడదు. ఎండితే అమ్మోనియం నైట్రేటవుతుంది, మళ్ళీ నీరు పెట్టగానే పోతుంది.

ఇంత సులువైతే రైతులందరూ ఎందుకు చేయరు? వారికి తెలియక అనడం న్యాయం కాదు. వదిలిన నీరు మళ్ళీ వస్తుందన్న ధైర్యం వారికి ఉండాలి. నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్నపై 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట, కనిగిరి రిజర్వాయరుకూ దాని కింది మాగాణికీ నీరిచ్చింది. 2022 సెప్టెంబరులో అక్కడే కొత్త బ్యారేజి ప్రారంభమైంది. ఎన్ని ఎకరాలు తడిసిందన్నదే బ్యారేజికి కొలత కాకూడదు. కాలువ చివరి రైతు కూడా “రెండు రోజుల్లో నా వంతు నీరు వస్తుంది” అన్న నమ్మకంతో మడవ తీయగలగాలి. నీటి వంతులు ముందుగా తెలిపి, మాట తప్పకుండా ఇవ్వడం కూడా ఎరువు పొదుపేనని నేనంటాను.

మీరు చేయగల పని కూడా ఉంది. ఇంట్లో యూరియా చల్లే రోజున పెద్దలను గౌరవంగా అడగండి: “కయ్యలో నీరెంత ఉంది?” ఆకు రంగుల పట్టిక దొరికితే, పైరు ఆకును దాని పక్కన పెట్టి చూపండి. పైరుకు నత్రజని నిజంగా కావాలో వద్దో ఆకే చెబుతుంది. బస్తా కొనడానికి డబ్బు కావాలి. కొన్న బస్తాను గాలికి పోకుండా కాపాడడానికి ఈ కొద్దిపాటి శాస్త్రం చాలు.